వెనక్కి పోయిన నీళ్ళు

డ్రమ్ము ఖాళీ అయి ఉండటం చూసి ఓబుళేశు ముందు సంతోషపడ్డాడు.

చీనీ, అంటే బత్తాయి చెట్ల వేళ్ళకు పట్టిన నులిపురుగు కోసం పొద్దున్నే కలిపిపెట్టిన మందు అది. నీలం డ్రమ్ము నిండా పలుచటి పాలలాగా తెల్లగా ఉండింది. బోరు నుంచి తోటలోకి పోయే పైపుకు ఒకచోట సన్నటి నడుము బిగించి ఉంటుంది. ఆ ఇరుకులో నీళ్ళు పరుగెత్తుతాయి. పరుగెత్తే నీళ్ళకు పక్కలను ఒత్తే బలం తగ్గుతుంది. ఆ సందు చూసుకొని డ్రమ్ములోని మందు సన్నటి గొట్టం గుండా పైపులోకి ఎక్కి, డ్రిప్పు నీళ్ళతో పాటు చెట్టుచెట్టుకూ పోతుంది. దానికి వేరే మోటారు అక్కర్లేదు, మనిషి అక్కర్లేదు. ప్రొద్దుటూరులో బీఎస్సీ చదివే రోజుల్లో బోర్డు మీద సుద్దముక్కతో గీసిన బొమ్మ, ముప్పై ఏళ్ళ తర్వాత తన తోటలో పని చేయడం చూసినప్పుడల్లా ఓబుళేశుకు ముచ్చటగా ఉండేది.

అయితే ఆ మందు మెల్లగా పోవాలి. సాయంత్రం దాకా రావాల్సిన డ్రమ్ము, ఆయన ఎర్రగుంట్ల పోయి పైపు సామాన్లు కొనుక్కొని వచ్చేలోపే అడుగంటింది.

కారిందేమోనని డ్రమ్ము కింద చెయ్యి పెట్టి చూశాడు. మట్టి పొడిగా ఉంది. తోటలోకి పోయి మొదటి సాలులో డ్రిప్పు బొట్లు పడేచోట వంగి చూశాడు. మందు పోతే అక్కడ తెల్లటి చార కడుతుంది. చెట్టు మొదట్లో చార ఉంది గానీ, పొద్దున కాసేపు పోయిన మందుకు ఎంత ఉండాలో అంతే ఉంది. చివరి సాళ్ళలో అసలు లేదు. సిమెంటు ఫ్యాక్టరీల వైపు నుంచి వచ్చిన బూడిద ఆకుల మీద పేరుకొని ఉంది. నీడలో కుక్క ఒకటి పడుకొని తోక ఆడించింది.

డ్రమ్మెడు మందు చెట్లకు పోలేదు, నేలకు పోలేదు. మరి యాడికి పోయింది?

గట్టు మీద గడ్డి పీకుతున్న నాగక్కను కేకేశాడు. ఆమె ఏళ్ళ తరబడి ఆ తోటలో పని చేస్తున్న మనిషి.

"నాగక్కా, కరెంటు పోయిందా ఈపొద్దు?"

"పోయిందప్పా. నువ్వు బండెక్కి పోయినావో లేదో, పోయింది. శానాసేపు లేదు."

"అప్పుడు డ్రమ్ము కాడ ఏమన్నా చూసినావా?"

"చూసేదేముంది? ఆ సన్న గొట్టం గుటగుటమంటా ఒకటే తాగడం. ఎండలో వచ్చిన ఎనుము తొట్టికాడ తాగినట్ల తాగింది. ఇదేందబ్బా, మోటారు ఆగిపోతే గూడా మందు పోతాందే, మా ఓబుళేశప్ప శానా మంచి మిషను తెచ్చినాడు అనుకున్యా."

ఓబుళేశు బోరు పక్కన ఉన్న రాతిబండ మీద కూర్చున్నాడు.

మోటారు ఆగితే, బోరు పైపులో పైదాకా నిలబడి ఉన్న నీళ్ళన్నీ ఒక్కసారిగా కిందికి పడతాయి. అయిదు వందల అడుగుల నీళ్ళ కడ్డీ. ఆ కడ్డీ కిందికి జారేటప్పుడు వెనకాల ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీలోకి ఏ దారి దొరికితే ఆ దారిన, ఏది దొరికితే అది వచ్చి పడుతుంది. దొరికిన దారి సన్న గొట్టం. దొరికింది మందు.

అట్లా జరగకుండా ఆపడానికే పైపులో ఒక రెప్ప ఉంటుంది. నీళ్ళు పైకి వచ్చేటప్పుడు తెరుచుకుంటుంది, వెనక్కి పోబోతే మూసుకుంటుంది. రెండేళ్ళ కిందట ఆ రెప్పను తీయించింది ఓబుళేశే. ఆ ప్రాంతంలో నీళ్ళు ఏటేటా కిందికి దిగుతాయి, ఏటేటా మోటారు పైకి లాగి రెండు పైపులు అతికించి మళ్ళీ దించాలి. రెప్ప ఉంటే పైపు నీళ్ళు నిలుపుకొని ఉంటుంది. మూడు కాళ్ళ దూలాలకు గొలుసు కట్టి లాగే మనుషులు ఇనుముతో పాటు ఆ నీళ్ళ బరువు కూడా లాగాలి. ఒకసారి గొలుసు జారి, మోటారు ఎత్తే అయ్యన్న భుజం పక్కకు తొలిగింది. ఆ మనిషి నొప్పితో పళ్ళు కొరుక్కుంటూ ఉంటే చూడలేక, "ఆ రెప్ప పీకి పారేయండప్పా, పైపు ఖాళీగా వస్తాది" అన్నాడు ఓబుళేశు. చుట్టుపక్కల రైతులందరూ చేసేది అదే. అప్పటికి మందు డ్రమ్ము లేదు, సన్న గొట్టమూ లేదు. అవి వచ్చినప్పుడు రెప్ప సంగతి ఆయనకు గుర్తు రాలేదు.

"మళ్ళా కరెంటు వచ్చినాక?" అని అడిగాడు.

"మోటారు దానికదే లేసింది గదా. పల్లె ఆడోళ్ళు వచ్చి కొళాయి కాడ బిందెలు పట్టుకున్యారు. గుడ్‌ఫ్రైడే అంట, చర్చికి పెద్ద క్యాను గూడా ఆటోలో ఎత్తుకపోయినారు. షర్బత్తుకు."

"నువ్వు తాగినావా?"

"నేనా? ఇంటికాడ్నుంచి తెచ్చుకున్న బాటిలే ఇంకా అయిపోల్యా."

ఓబుళేశు ఆమె వైపు చూసి ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు. ఈమె ఒక్కతైనా ఆ నీళ్ళు ముట్టలేదు.

తోటకు అరమైలు దూరంలో ఉన్న ఆ పల్లెకు పంచాయితీ నీళ్ళు వారానికొకసారి వస్తే వచ్చినట్టు. అందుకే ఆయన భార్య రమణి బోరు పక్కన కొళాయి పెట్టించింది. ప్రతి గుడ్‌ఫ్రైడేకి ఒక గంప నిమ్మకాయలు చర్చికి పంపేది. పల్లెవాళ్ళు ఆ రోజు పిల్లలతో సహా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా ఉపవాసం ఉంటారు. మూడు గంటలకు ఆరాధన ముగిశాక షర్బత్తుతో ఉపవాసం విడుస్తారు. రమణి పోయి నాలుగేళ్ళయింది. గంప మాత్రం ఆగలేదు. ఈ పొద్దు కూడా ఆయన ఎర్రగుంట్ల పోతూ దారిలో గంప దించి పోయాడు.

టైము చూసుకున్నాడు. రెండున్నర కావస్తోంది.

బండి తాళం తిప్పుతూనే అన్న కొడుకు అవినాష్‌కు ఫోన్ చేశాడు. అవసరమైతే అంబులెన్సు పిలిపించడానికీ, మంచినీళ్ళ ట్యాంకరు తెప్పించడానికీ ఊర్లో పలుకుబడి ఉన్నవాడు అతనే. అవినాష్ సంగతంతా విన్నాడు.

"చిన్నాయనా, మందు మాట నోట్లోనుంచి రానీయొద్దు."

"ఏందిరా నువ్వనేది?"

"పోయిన వారమే గదా చర్చికి కట్టే గోడ ఆపమన్నందుకు నాకూ వాళ్ళకూ గొడవ పడింది? మీరు మా బోరు నీళ్ళు ఎట్ల తాగుతారో చూస్తా అని నోరు జారినా. పదిమంది విన్యారు. ఇప్పుడు నువ్వు పోయి నీళ్ళల్లో మందు కలిసిందంటే, కలిసింది అంటారా, కలిపినారు అంటారా? నువ్వూ నేనూ ఇద్దరం స్టేషన్లో కూర్చుంటాం."

"వాళ్ళు తాగితే?"

"తాగనీయొద్దు. షర్బత్తులో బల్లి పడిందని చెప్పు. బల్లి పడిందంటే ఎవరూ ముట్టరు. పారబోయించి వచ్చేయ్. నేను ట్యాంకరు పంపిస్తా."

దారి పొడవునా ఓబుళేశు ఆ బల్లిని మోసుకొని పోయాడు. అది మరీ చెడ్డ అబద్ధమేమీ కాదు. ఎవరికీ నష్టం లేదు. పైగా, మందు బోరులోకి పోయిందని తనకు మాత్రం గ్యారంటీ ఏముంది? బయల్దేరే ముందు బోరు పక్కన కొళాయి నీళ్ళు చేతిలో పట్టి వాసన చూశాడు. ఏదో ఉన్నట్టే ఉండింది, లేనట్టే ఉండింది. పొద్దున మందు కలిపిన ముక్కుకు తేడా తెలియలేదు. లేని దాన్ని ఉందని చెబితే నవ్వులపాలు. ఉన్నదాన్ని దాస్తే, ఆ పైన ఆలోచించడానికి ఆయనకు ధైర్యం చాలలేదు.

చర్చి లోపల పల్లె మొత్తం చాపల మీద కూర్చొని ఉంది. పాస్టరు ఏసుకుమార్ శిలువ మీద యేసు పడిన దాహం గురించి చెబుతున్నాడు. పొద్దుటి నుంచి పెదవి తడపని మనుషులు కదలకుండా వింటున్నారు. ఓబుళేశు చెప్పులు విడిచి వరండాలోకి ఎక్కాడు.

అక్కడ గంగాళం నిండా ఎర్రటి షర్బత్తు. నిమ్మచెక్కలు ఒక పక్క కుప్పగా ఉన్నాయి, తన గంపలోవే. గోనెసంచి కింద ఐసుగడ్డ కరుగుతోంది. పల్లెలో అంగన్‌వాడీ నడిపే ప్రసన్నకుమారి గంగాళానికి కట్టిన తెల్లగుడ్డ సర్దుతూ ఆయనను చూసి నవ్వింది.

"రాప్పా. నిమ్మకాయలకు శానా థ్యాంక్సు. ఉండు, అయిపోతానే నీకే మొదటి గ్లాసు."

"ప్రసన్నా, దీన్ని ఎవరినీ ముట్టనీయొద్దు."

"ఎందుకప్పా?"

బల్లి నాలుక చివరికి వచ్చింది. "దీంట్లో బల్లి..."

"బల్లా?" ఆ పిల్ల కంగారుగా గుడ్డ విప్పి చూసింది. "యాడప్పా? కలిపినప్పట్నుంచి గుడ్డ కట్టినా. నేను ఈడనే కూర్చోనుండా."

ఓబుళేశు మాట మింగాడు. వరండా అవతల కనిపిస్తున్న ఇళ్ళ మీదికి పోయింది ఆయన చూపు. అరుగుల మీద వరుసగా బిందెలు, మూతల మీద చెంబులు బోర్లించి.

"ఇండ్లల్లో ఉండే నీళ్ళు?"

"అవీ నీ బోరువే గదా. ఈపొద్దు అన్ని ఇండ్లోళ్ళూ పట్టుకున్యారు."

అబద్ధపు బల్లి ఒక్క గంగాళంలోనే పడగలదు. ఇంటింటి బిందెలోనూ పడలేదు. ఓబుళేశు గుమ్మం దాటి లోపలికి నడిచాడు.

పాస్టరు మాట ఆగిపోయింది. తలలన్నీ తిరిగాయి.

"మన్నించండి సారూ. మూడు దాకా ఆగేదానికి లేదు." ఆయన చేతులు జోడించాడు. "నా బోరులోకి పురుగుమందు పోయింది. ఈపొద్దు పట్టుకున్న నీళ్ళు ఎవరూ తాగొద్దు. షర్బత్తు ముట్టొద్దు. బిందెలు పారబోయండి."

ఒక్కసారిగా గోల. ముందు వరుసలో కూర్చున్న ఏసేపు లేచాడు. అతను తాపీమేస్త్రీ, చర్చి ప్రహరీ కడుతున్నది అతనే, అవినాష్‌తో గొడవ పడిందీ అతనే.

"పోయిందా అన్నా, పోసినారా?"

"పోయిందప్పా."

"మొన్న మీ అవినాష్ చెప్పినాడే, నీళ్ళు ఎట్ల తాగుతారో చూస్తానని. చూపించినారు! పోయి పోయి ఈపొద్దే దొరికిందా మీకు?"

"నీళ్ళు ఆపాలంటే కొళాయి పీకితే సాలదా ఏసేపూ? దానికి ఈ కత చెప్పాల్నా?" అన్నాడొకడు వెనక నుంచి. "మందూ లేదు, మన్నూ లేదు. మనల్ని బెదిరించి గోడ ఆపిస్తాన్యారు, అంతే. నీళ్ళు చూడండి, అద్దంలాగుండాయి!"

అది విని ఓబుళేశు భయపడ్డాడు. కోపం వస్తే పడవచ్చు. నమ్మకపోతేనే ప్రమాదం. నమ్మనివాడు తాగి చూపిస్తాడు. అప్పటికే ఒక కుర్రవాడు పంతంగా గంగాళం వైపు చూస్తున్నాడు.

పాస్టరు చెయ్యెత్తి అందరినీ ఆపాడు. "అన్నా, బోరు భూమిలో ఉండాది. డ్రమ్ము పైనుండాది. నీళ్ళు పైకొచ్చే పైపులో మందు కిందికి ఎట్ల పోతాది? అది చెప్పు ముందు."

ఓబుళేశు చుట్టూ చూశాడు. కిటికీ చువ్వకు ఏసేపు మట్టం చూసే సన్నటి ప్లాస్టిక్ గొట్టం చుట్టి వేలాడుతోంది. గోడ వంకర లేకుండా లేపడానికి మేస్త్రీలు వాడే నీళ్ళ గొట్టం. దాన్ని తీసుకున్నాడు.

"ఇది నిండా నీళ్ళే గదా ఏసేపూ?"

"ఆఁ."

"ఆ కొన వేలితో మూసి పట్టుకో. ప్రసన్నా, ఒక గ్లాసులో షర్బత్తు ఎత్తుకరామ్మా. మీద పడనీయొద్దు."

గ్లాసును కిటికీ దిమ్మె మీద పెట్టించి, రెండో కొన అందులో ముంచాడు.

"ఈ గ్లాసు నా డ్రమ్ము. నువ్వు పట్టుకున్న కొన నా బోరు. ఇప్పుడు నీ చెయ్యి కిందికి దించి వేలు తియ్యి. కరెంటు పోయినట్టు లెక్క."

ఏసేపు అయిష్టంగానే వంగి, చెయ్యి నేల దగ్గరికి దించి వేలు వదిలాడు. గొట్టంలోని నీళ్ళు అతని కాళ్ళ మీద పడ్డాయి. గ్లాసులోంచి ఎర్రటి చార ఒకటి బయల్దేరింది. గ్లాసు అంచు దాకా తనంతట తాను ఎక్కింది, అంచు దాటింది, గొట్టం వెంట కిందికి పాకింది. ఎవరూ పీల్చలేదు, ఎవరూ పోయలేదు. గ్లాసు గుటగుటమని ఖాళీ అయి, ఏసేపు పాదాల దగ్గర నేల ఎర్రబడింది.

"యేసయ్యా," అంది ఎవరో ఆడమనిషి.

ఏసేపు తన తడి పాదాల వైపు చూస్తూ ఉండిపోయాడు. రోజూ చేతిలో ఉండే గొట్టం అది. అది చూపించినదాన్ని అబద్ధమని అతను అనలేడు.

ముందు వరుసలోంచి విశ్వాసమ్మ లేచి నిలబడింది. ఓబుళేశు కంటే పెద్దది, రమణికి కాన్పులో సాయం చేసిన మనిషి.

"ఎనక్కి పోకుండా ఆపేది ఏదో ఒకటి పెట్టుంటారు గదప్పా పైపుకు?"

"ఉండిందక్కా. నేనే తీయించినా. అయ్యన్న భుజం తొలిగినప్పుడు, బరువు తగ్గుతాదని. మంచికే తీసినా."

"మంచికి తీసినావో చెడ్డకు తీసినావో, మందుకేం తెలుస్తాది?"

అప్పుడే ఆమె ముఖం మారింది. "మా ఆయన!" అని కొంగు బిగించి పరుగెత్తింది. ఆమె భర్త సామేలు పక్షవాతంతో మంచం మీద ఉన్నాడు. ఉపవాసం లేనివాడు ఆ పల్లెలో అతనొక్కడే.

ఓబుళేశు వెనకే పరుగెత్తాడు. మంచం పక్కన చెంబు ఖాళీగా దొర్లి ఉంది. సామేలు కళ్ళు తెరిచి, ఇంతమంది ఎందుకొచ్చారా అన్నట్టు చూశాడు.

"నీళ్ళు తాగినావా? యా నీళ్ళు పెట్టినా నేను నీకు? యా నీళ్ళు?" విశ్వాసమ్మ మనిషిని అడుగుతోందో తనను తాను ప్రశ్నించుకుంటోందో తెలియలేదు. తర్వాత మూలకు పోయి మట్టికుండ మూత తీసింది. కుండ సగానికి ఉంది. పక్కన బిందె నిండా ఉంది. బిందె మీద చెయ్యి పెట్టి, అట్లాగే నేల మీద కూలబడి ఏడ్చింది.

"నిన్నటివి... ఈపొద్దు పట్టినవి ఇంకా ఎచ్చగా ఉండాయని, నిన్నటి కుండలోవి పెట్టినా."

అంత లోతు నుంచి వచ్చే నీళ్ళు గోరువెచ్చగా వస్తాయి. ఒక రోజు కుండలో ఆరితే గాని ఎవరికీ గొంతు దిగవు. ఇన్నేళ్ళూ ఆ వేడి గురించి ఆడవాళ్ళు గొణుగుతూనే ఉన్నారు. ఓబుళేశు గుంజ పట్టుకొని నిలబడి ఆ కుండను చూశాడు. దానికి దండం పెట్టాలనిపించింది. ఆమె ముందు పెట్టలేక ఊరుకున్నాడు.

ఆ సాయంత్రం ట్యాంకరు వచ్చేదాకా ఎవరూ ఉపవాసం విడవలేదు. పల్లెంతా మోరీ కాలువలో బిందెలు వంచారు. ఆసుపత్రి నర్సు వచ్చి ఇంటింటికీ తిరిగింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఓబుళేశే సీసాలో పట్టి పరీక్షకు పంపిన నీళ్ళలో మందు ఉన్నట్టు తర్వాత తేలింది. ఆ కాగితం చూసి ఆయనకు భయమూ వేసింది, ఊరటా కలిగింది. నవ్వులపాలు కాలేదన్న ఊరట అది. అట్లాంటి ఊరట కలిగినందుకు సిగ్గుపడ్డాడు.

పైపులో మళ్ళీ రెప్ప బిగించడానికి అయ్యన్న మనుషులు వచ్చారు. ఇంకమీదట బరువు లాగాల్సి వస్తుందని వాళ్ళు సణిగితే, గొలుసుకు ఇంకొక మనిషి కూలి తానే ఇస్తానన్నాడు. మందు గొట్టానికి వేరే రెప్ప పెట్టించాడు. కొళాయిని బోరు నుంచి నేరుగా వేరే పైపుకు మార్చాడు. రోజుల తరబడి మోటారు ఆడించి నీళ్ళన్నీ బీడులోకి వదిలాడు. ఎండాకాలంలో బీడులోకి పారుతున్న నీళ్ళను చూసి దారిన పోయేవాళ్ళు ఆగి, ఏమీ అనకుండా పోయేవాళ్ళు. రెండోసారి పరీక్షలో నీళ్ళు బాగున్నాయని వచ్చింది. ఆ కాగితం తీసుకుపోయి పాస్టరు చేతికి ఇచ్చాడు. చర్చిలో చదివి వినిపించానని పాస్టరు చెప్పాడు.

అయినా ఎవరూ రాలేదు.

వచ్చి చెప్పాడు కాబట్టి బతికామని కొందరు, పోసి భయపడి వచ్చి చెప్పాడని కొందరు. రెండు మాటలూ ఆయన చెవిన పడ్డాయి. అవినాష్ ఎదురుపడితే ముఖం తిప్పుకుంటున్నాడు. ఆడవాళ్ళు బిందెలు నెత్తిన పెట్టుకొని ఆయన తోట గట్టు మీదుగానే, మైలు అవతల ఉన్న వేరే బోరుకు నడిచిపోతున్నారు. ఏసేపు ఒక్కడు సైకిలు మీద పోతూ తల ఊపేవాడు. ఓబుళేశు రోజూ పొద్దున కొళాయి కింద బండ కడిగి, ఎదురుచూడటం లేదన్నట్టు చెట్లలోకి పోయేవాడు.

వైశాఖం ఎండలు మండుతున్న ఒక మధ్యాహ్నం కొళాయి తిప్పిన చప్పుడయింది. చెట్ల సందులోంచి చూశాడు. విశ్వాసమ్మ. ఖాళీ బిందె పక్కన పెట్టి, దోసిలి పట్టింది. ఆయన బయటికి వచ్చేసరికి ఆమె వెనక్కి తిరగకుండానే అంది:

"తాగనీకి గాదు లేప్పా. మొగం కడుక్కోనికి. ఎండకు మండిపోతాంది."

"కడుక్కోక్కా."

ఆమె ముఖం కడుక్కుంది. మెడ మీద తడి చెయ్యి వేసుకుంది. పాదాలు ఒకదాని మీద ఒకటి రుద్ది కడుక్కుంది. కొళాయి గట్టిగా కట్టేసి, ఖాళీ బిందె చంకన పెట్టుకొని, ఆ రెండో బోరు వైపు నడిచింది.

ఓబుళేశు కొళాయి దగ్గరికి పోయి నిలబడ్డాడు. బండ మీద ఆమె పాదాల తడి ఉంది. ఆ ఎండకు ఆరిపోయేదాకా అక్కడే నిలబడ్డాడు.